తొమ్మిది రోజుల బాబుకు చైనా మూలిక నీళ్ళు పట్టవచ్చా?

తాంపినీస్_అమ్మ (సింగపూర్)
శుక్రవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మా రెండో బాబు పుట్టి ఈ రోజుకు తొమ్మిది రోజులు. నెలలు నిండి పుట్టాడు, బరువు మూడు కిలోల వంద గ్రాములు. మూడో రోజు నుంచి ఒళ్ళు పచ్చగా ఉంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు పరీక్ష చేసి పరవాలేదన్నారు. ఇప్పుడు కళ్ళలో పచ్చదనం ఇంకా కనిపిస్తూనే ఉంది. మళ్ళీ చూపించవలసింది సోమవారం.

అసలు సంగతి ఇది. మా పక్క ఫ్లాటులో డెబ్బై దాటిన చైనీయుల ఆంటీ ఉంటారు. పురిటికి సాయంగా మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. ఆవిడకు చైనీస్ రాదు, ఈవిడకు తెలుగు రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రం. అయినా రోజూ గంటసేపు గుమ్మం దగ్గర కబుర్లు చెప్పుకుంటారు. ఎలా సాగుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నిన్న ఆంటీ రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి, విరిస్తే లోపల ముదురు పసుపు రంగులో ఉన్న ఎండు వేరు ముక్కలు. పేరు హువాంగ్‌లియన్ అట. నాలుక మీద పెట్టుకుని చూశాను, వేపాకు దీని ముందు పాయసం. మరిగించి ఆ నీళ్ళు కొన్ని చుక్కలు పడితే, తల్లి కడుపులో నుంచి తెచ్చుకున్న వేడి దిగి పచ్చదనం పోతుందన్నారు. రెండోది చిటికెన వేలంత గాజు సీసాలో లేత గోధుమ రంగు పొడి. కడుపులో గాలికీ, రాత్రి ఉలిక్కిపడి ఏడవడానికీ. సరిహద్దు అవతల మలేసియాలోని జొహోర్ బారులో కొన్నారట. సీసా మీద ఒక్క అక్షరం లేదు.

అత్తగారు "మన వస లాంటిదే కదా, పసివాడికి కాస్త చేదు తగలాలి" అంటున్నారు. మా ఆయన వద్దంటున్నారు గానీ ఎందుకు వద్దో ఆయనకూ తెలియదు. ఇద్దరి మధ్య నేను. తెలిసినవారు చెప్పండి.

గోదావరి_బామ్మ (రాజమహేంద్రవరం)
శుక్రవారం, రాత్రి 11:15

అమ్మాయీ, నేను ఐదుగురు పిల్లలకు, తొమ్మిది మంది మనవలకు ఉగ్గు పెట్టిన దాన్ని. వస, కరక్కాయ, జాజికాయ, మాసికాయ, శొంఠి సాన మీద అరగదీసి, తల్లి పాలతో ఉగ్గుగిన్నెలో కలిపి పోసేదాన్ని. ఒక్కరికీ ఏమీ కాలేదు. కానీ అది నాకు తెలిసిన కొమ్ము, మా అమ్మ చేతిలో నుంచి నా చేతికి వచ్చిన కొలత. ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడి మాత్రం నేనైతే పట్టను. మీ అత్తగారితో రాజమండ్రి బామ్మ చెప్పిందని చెప్పు.

చుక్కాని (హైదరాబాద్)
శుక్రవారం, రాత్రి 11:31

చైనా సరుకు పసిపిల్లల నోట్లో పెట్టడానికి చర్చ ఎందుకండీ? చెత్తబుట్టలో పడేయండి.

పేరాక్_రాము (మలేసియా)
శుక్రవారం, రాత్రి 11:58

చుక్కాని గారూ, ఆ ఆంటీ ప్రేమతో ఇచ్చారు. పడేయడం తేలికే, రేపు ఆవిడ ముఖం చూడవలసింది మీరు కాదు.

మాది నాలుగో తరం మలేసియా తెలుగు కుటుంబం. మా ముత్తాత పేరాక్‌లోని బగాన్ దాతో అనే ఊరి కొబ్బరి తోటల్లో పనికి వచ్చాడు. చైనీయుల మందుల కొట్టు మాకు ఊరి కిరాణా కొట్టు లాంటిది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, పాత కొట్లలో తూకానికి చిన్న కర్ర త్రాసు. మా అమ్మ కూడా అక్కడ నుంచి ముత్యాల పొడి, హౌజావ్ సాన్ తెచ్చేది. ఈ రెండోది కఫానికీ రాత్రి ఏడుపుకూ పిల్లలకు వేసే పొడి. పేరులో కోతి ఉంటుంది, కోతి కడుపులో ఏర్పడే రాయి అందులో ప్రధాన ద్రవ్యమని చెబుతారు. మీ సీసాలో ఉన్నది అదే కావచ్చు, పూర్తిగా వేరేదీ కావచ్చు. పేరు లేని సీసాతో వచ్చిన చిక్కే అది.

హువాంగ్‌లియన్ మాటకు వస్తే, మా పెద్దవాడు పుట్టినప్పుడు జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉందని తేలింది. ఇక్కడ ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంతో ఆ పరీక్ష చేస్తారు. దూరంగా ఉంచవలసిన వాటి జాబితా ఒకటి చేతికి ఇచ్చారు. ఫావా చిక్కుడు గింజలు, కొన్ని మలేరియా మందులు, కలరా ఉండలు, హువాంగ్‌లియన్. చైనీయులు ఈ లోపాన్ని పిలిచేదే "చిక్కుడు గింజల జబ్బు" అని.

కలరా ఉండలు అనగానే మా అత్తగారు గతుక్కుమన్నారు. బాబుకు కప్పిన దుప్పటి ట్రంకు పెట్టెలో ఏడాదిగా ఆ ఉండల మధ్యే ఉంది. నాఫ్తలీన్ వాసన పీల్చినా ఈ పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఆ రోజే పాత బట్టలన్నీ ఉతికి ఎండవేశాం. కాబట్టి తాంపినీస్ అమ్మగారూ, ముందు మీ బాబు ఆరోగ్య పుస్తకం తీసి ఆ ఫలితం ఏమి రాశారో చూడండి.

మందుల_మనిషి (సింగపూర్)
శనివారం, ఉదయం 7:20

నేను ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. రాము గారు సరైన చోటనే మొదలుపెట్టారు. కాస్త చరిత్ర కలుపుతాను.

సింగపూర్‌లో 1965 నుంచే పుట్టిన ప్రతి బిడ్డకూ జీ6పీడీ పరీక్ష చేస్తున్నారు. అంతకుముందు ఇక్కడ పసిపిల్లల్లో పచ్చకామెర్లు ముదిరి మెదడు దెబ్బతినడం పెద్ద సమస్యగా ఉండేది. బతికిన పిల్లలకు చెవుడు, అవయవాలు అదుపు తప్పడం జీవితాంతం మిగిలేవి. కారణాలు వెతుకుతూ వెళితే లోపం ఉన్న పిల్లలు, కలరా ఉండలు, పురిటిలో వాడే మూలికలు ముందుకు వచ్చాయి. 1978లో హువాంగ్‌లియన్‌నూ, అందులోని బెర్బెరిన్ అనే పదార్థాన్నీ ప్రభుత్వం నిషేధించింది. చైనీయులు అధికంగా ఉన్న దేశంలో, వాళ్ళ వైద్యంలో వందల ఏళ్ళుగా ఉన్న మూలికను అలా నిషేధించారంటే విషయం ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

ఆ నిషేధం ఇప్పుడు లేదు. కొత్త ఆధారాలు పరిశీలించి 2010 తరువాతి సంవత్సరాల్లో దశలవారీగా ఎత్తివేశారు. పెద్దలకు ఇది అంత ప్రమాదకరమైనది కాదు. లోపం ఉన్న పిల్లల రక్తకణాలను హువాంగ్‌లియన్ ఒక్కటే పగలగొడుతుందా అన్నదాని మీద కూడా పరిశోధకుల్లో వాదం ఉంది. అయితే "నిషేధం ఎత్తేశారు కాబట్టి పసివాడికి పట్టవచ్చు" అని అర్థం చేసుకోకండి. కొత్తగా పుట్టిన పిల్లలకూ, గర్భిణులకూ, జీ6పీడీ లోపం ఉన్నవారికీ వద్దన్న హెచ్చరిక అలాగే ఉంది.

లోపం లేని బిడ్డకైనా ఎందుకు వద్దు? పచ్చదనానికి కారణమైన బిలిరుబిన్ రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీను మీద ఎక్కి ప్రయాణిస్తుంది. దాని మీద కూర్చుని ఉన్నంతసేపూ మెదడులోకి పోలేదు. బెర్బెరిన్ వచ్చి, బస్సులో కూర్చున్నవాణ్ణి లేపి తాను కూర్చున్నట్టు, బిలిరుబిన్‌ను దింపేస్తుంది. 1993లో ప్రయోగశాలలోనూ, ఎలుకల్లోనూ ఇది చూపించారు. దిగిన బిలిరుబిన్ మెదడు వైపు వెళ్ళవచ్చు. అంటే పచ్చదనం తగ్గించాలని పట్టే మందు, ఆ పచ్చదనాన్నే ప్రమాదకరం చేసే అవకాశం ఉంది.

మన మానుపసుపులో ఉన్నదీ ఇదే బెర్బెరిన్. కాబట్టి ఇది చైనా, ఇండియా గొడవ కాదు.

గోదావరి_బామ్మ
శనివారం, ఉదయం 7:48

బస్సు పోలిక బాగుంది నాయనా. మా ఊళ్ళో పచ్చకామెర్లకు పసరు మందు పోసేవాళ్ళు ఉండేవారు. పసిపిల్లలకు పోయమని ఎవరైనా తెస్తే మా అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. కారణం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పిల్లల_డాక్టరు (విశాఖపట్నం)
శనివారం, ఉదయం 8:35

తాంపినీస్ అమ్మగారూ, మూలికల మాట తరువాత. సోమవారం దాకా ఆగకండి, ఈ రోజే చూపించండి.

పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మొదటి వారంలో పచ్చబడతారు. చాలామందికి మందేమీ లేకుండానే తగ్గుతుంది. లివరు ఇంకా పని నేర్చుకుంటూ ఉంటుంది, అంతే. నేను భయపడేవి వేరే ఉన్నాయి. పుట్టిన 24 గంటల లోపే పచ్చబడటం, పచ్చదనం కాళ్ళ దాకా దిగడం, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడి ఉండటం, కీచుగొంతుతో ఏడవడం, ఒళ్ళు విల్లులా వెనక్కి వంచడం. వీటిలో ఏది కనిపించినా రాత్రి రెండు గంటలైనా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొకటి చూడండి. మలం రంగు. పసుపుగా ఉంటే మంచిది. సున్నపు నీళ్ళలా తెల్లగా, పాలిపోయి ఉంటే, ఒంటి పచ్చదనం రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పైత్యరస నాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి ఆపరేషను అరవై రోజుల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. మూలిక నీళ్ళు పడుతూ "తగ్గుతోంది, తగ్గుతోంది" అనుకుంటూ మూడో నెలలో తీసుకువచ్చిన తల్లిదండ్రులను చూశాను. అక్కడ మూలిక విషం కాకపోయినా, పోయిన ఆ రోజులు బిడ్డకు తిరిగి రాలేదు.

కిటికీ ఎండలో పడుకోబెట్టడం, గ్లూకోజు నీళ్ళు పట్టడం చికిత్స కావు. తల్లి పాలు ఎక్కువసార్లు ఇవ్వండి. బిలిరుబిన్ పోయేదే మలంలో.

తాంపినీస్_అమ్మ
శనివారం, ఉదయం 9:10

అందరికీ ధన్యవాదాలు. పుస్తకం చూశాను, జీ6పీడీ సాధారణం అని రాసి ఉంది. మలం పసుపుగానే ఉంది. పదిన్నరకు డాక్టరు దగ్గరకు వెళుతున్నాం.

ఒక మాట రాత్రి నాకూ తెలియదు. అడుగుతుంటే చేతులు వణుకుతున్నాయి. వేరు నీళ్ళు పట్టలేదు గానీ, పొడి మాత్రం నిన్న మధ్యాహ్నం నేను నిద్రపోతున్నప్పుడు అత్తగారు అర చిటికె నాలుక మీద వేశారట. ఈ చర్చ చదివి వినిపిస్తే ఇప్పుడు చెప్పారు. ఆవిడ కూడా ఏడుస్తున్నారు.

పిల్లల_డాక్టరు
శనివారం, ఉదయం 9:14

ముందు కూర్చోండి. నిన్న మధ్యాహ్నం నుంచి బాబు మామూలుగా పాలు తాగుతూ, తడుపుతూ, మేలుకుని చూస్తూ ఉన్నాడా? అయితే అర చిటికెతో కంగారు పడవలసిన పని చాలావరకు లేదు. అతిగా నిద్ర, ఊపిరి నెమ్మదించడం, వాంతులు, కుదుపులు కనిపిస్తే మాత్రం డాక్టరు అపాయింటుమెంటు కోసం చూడకండి, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళండి.

సీసా వెంట తీసుకువెళ్ళండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. మందలిస్తారని దాచే తల్లిదండ్రులు ఎందరో. అత్తగారిని ఏమీ అనకండి. ఆవిడ చెప్పడమే గొప్ప.

తాంపినీస్_అమ్మ
శనివారం, ఉదయం 9:17

ఇప్పుడే గంట క్రితం బాగా తాగాడు. కళ్ళు తెరిచి ఫ్యాను చూస్తున్నాడు. వెళుతున్నాం.

అట్లాంటిక్_తీరం (న్యూజెర్సీ)
శనివారం, ఉదయం 9:40

బాబు బాగుంటాడు, ధైర్యంగా ఉండండి అక్కా.

ఈలోగా పేరు లేని పొడుల గురించి నాకు తెలిసింది. మా పాపకు ఏడాది పరీక్షలో రక్తంలో సీసం కాస్త ఎక్కువ వచ్చింది (మా ఇంట్లో కారణం ఊరి నుంచి తెచ్చిన కాటుక, ఆ కథ ఇంకోసారి). అప్పుడు చాలా చదివాను. ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీసం ఉన్న సంప్రదాయ మందుల పేర్లు ఇచ్చింది. అందులో బా-బావ్-సాన్ అనే చైనా మూలికల పొడి ఉంది, కడుపునొప్పికీ పిల్లలను ఊరుకోబెట్టడానికీ వాడేది. దాని పక్కనే మన దేశం పేర్లు ఘసర్డ్, బాలా గోలీ కూడా ఉన్నాయి. చుక్కాని గారు గమనించాలి.

2014లో బో యింగ్ కాంపౌండ్ అనే హాంకాంగ్ పొడి గురించి అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. న్యూయార్క్‌లో ఆ పొడి వాడిన పద్దెనిమిది నెలల బిడ్డకు సీసం విషం ఎక్కింది. అది అట్టపెట్టెలో, పేరుతో, చిరునామాతో అమ్మిన సరుకు. సీసం ఒక్కసారికి కనిపించదు, రోజూ చిటికె చొప్పున ఎముకల్లో చేరుతుంది. బిడ్డ చలాకీగానే ఉంటాడు, తరువాత చదువులో వెనకబడతాడు.

పాత చైనా పిల్లల మందుల్లో నిద్ర పట్టడానికి ఝూషా అనేది కలిపేవారు. అది మన ఇంగిలీకమే. అంటే పాదరసం, గంధకం.

చుక్కాని
శనివారం, ఉదయం 10:05

సరే, రాత్రి తొందరపడి రాశాను. అయితే నా అసలు మాట మారదు. పేరు ఉన్నా లేకపోయినా నమ్మలేమనే కదా మీరూ అంటున్నారు?

మందుల_మనిషి
శనివారం, ఉదయం 10:30

కొంతవరకు అంతే. 1993లో కొలరాడోలో ముగ్గురు చిన్నపిల్లలు ఇంట్లో ఉన్న జిన్ బు హువాన్ మాత్రలు మింగి మత్తులోకి జారారు, గుండె కొట్టుకోవడం, ఊపిరి నెమ్మదించాయి. పెద్దలు నొప్పికీ నిద్రకూ వాడే మాత్రలవి. పెట్టె మీద ఒక మొక్క పేరు ఉంది. పరీక్షిస్తే లోపల ఉన్నది ఆ మొక్కలో ఉండే పదార్థం కానే కాదు. వేరే మొక్క నుంచి తీసి శుద్ధి చేసిన మత్తు పదార్థం.

లండన్‌లో చర్మ వ్యాధులకు ఇచ్చే "మూలికల" క్రీములు పదకొండు పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ దొరికింది. గట్టి స్టెరాయిడు. 1999 నాటి సంగతి. ముఖానికీ పిల్లలకూ పనికిరాని మోతాదులో ఉంది. ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లులు "మూలిక ఎంత బాగా పనిచేసిందో" అని సంబరపడి ఉంటారు. పనిచేసింది మూలిక కాదు.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. సింగపూర్‌లో తయారీ చైనా మందులు అమ్మాలంటే ముందు ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు చేయాలి. పాదరసం పది లక్షల భాగాల్లో అర భాగం మించకూడదు. అంటే ఇంగిలీకం కలిపింది ఇక్కడ చట్టబద్ధంగా కొట్లో ఉండదు. సరిహద్దు దాటి సంచిలో వచ్చిన సీసాకు ఈ జల్లెడ లేదు.

మెయ్_వాళ్ళ_ఆయన (సింగపూర్)
శనివారం, ఉదయం 11:20

ఎవరూ ఆ వైపు మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను. మా ఆవిడ ఇక్కడి చైనీయురాలు. మాకు కవలలు పుట్టినప్పుడు వాళ్ళ అమ్మ ఇంట్లో నెల రోజుల పురుడు వైభవంగా జరిగింది. తల్లికి అల్లం, నువ్వుల నూనె, ఎర్ర ఖర్జూరాలు, బియ్యపు సారాయి వేసి కోడి కూర. చూస్తే మన బాలింతలకు పెట్టే కాయం ముద్ద గుర్తొచ్చింది. చల్లగాలి తగలకూడదు, తల తడవకూడదు, అదే పథ్యం. మా అమ్మ విజయనగరం నుంచి వీడియోలో చూసి "వీళ్ళు మనవాళ్ళే" అని తేల్చేసింది. (సారాయి సంగతి మాత్రం డాక్టరు వద్దన్నారు. ఉడికినా కొంత మిగులుతుంది, పాలలోకి వస్తుంది.)

పిల్లలకు మూలికల మాట వచ్చినప్పుడు మా అత్తగారే మమ్మల్ని చైనా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళారు. ఇక్కడ వాళ్ళకు 2000లో చట్టం వచ్చింది, చదివి పరీక్ష రాసి నమోదు చేసుకుంటేనే వైద్యం చేయాలి. ఆయన కవలలను చూసి, నెలల పిల్లలకు నేను ఏమీ ఇవ్వను, ఆసుపత్రికి వెళ్ళండి అని పంపేశారు. ఫీజు కూడా తీసుకోలేదు.

వాళ్ళ సంప్రదాయంలోనే ఈ జాగ్రత్త ఉంది. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఛియెన్ యీ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. పిల్లల అవయవాలు మెత్తనివి, ఇట్టే నీరసిస్తాయి, ఇట్టే వేడెక్కుతాయి, ఇట్టే చల్లబడతాయి అన్నాడు. పెద్దల కోసం ఎనిమిది మూలికలతో ఉన్న మందులోంచి దాల్చిన జాతిదీ, నాభి జాతిదీ తీసేసి ఆరింటితో పిల్లల మందు చేశాడు. నాభి అంటే ఎంత విషమో మన పల్లెల్లో వేరే చెప్పనక్కర్లేదు. పక్కింటి ఆంటీలు ఇచ్చే సీసాలకూ ఆయన వైద్యానికీ సంబంధం లేదు.

చైనీస్‌లో ఒక సామెత ఉంది, మూగవాడు హువాంగ్‌లియన్ తిన్నట్టు అని. చేదు చెప్పుకోలేడు. తొమ్మిది రోజుల బిడ్డా అంతే కదా.

అట్లాంటిక్_తీరం
శనివారం, మధ్యాహ్నం 12:02

ఇంకో సంగతి గుర్తొచ్చింది. అనాస పువ్వు! బిర్యానీలో వేసేది. ఇక్కడ పసిపిల్లల కడుపునొప్పికి అనాస పువ్వు మరిగించిన నీళ్ళు పట్టే అలవాటు స్పానిష్ మాట్లాడే కుటుంబాల్లో ఉంది. 2003లో సుమారు నలభై మంది జబ్బుపడ్డారు, వాళ్ళలో పదిహేను మంది దాకా పసిపిల్లలు. మూర్ఛలు, వాంతులు, కళ్ళు తిరిగిపోవడం. చైనా అనాస పువ్వు వంటకు వాడేదే. జపాను అనాస పువ్వు అని దాని చుట్టం ఒకటి ఉంది, అది విషం. ఎండిన తరువాత రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. కలిసిపోతే కొట్టువాడికీ తెలియదు.

గోదావరి_బామ్మ
శనివారం, మధ్యాహ్నం 12:20

అయితే బిర్యానీలో వేయవద్దా?

పిల్లల_డాక్టరు
శనివారం, మధ్యాహ్నం 12:41

వేయండి బామ్మగారూ, నమ్మకమైన చోట కొని. ఇంటిల్లిపాదికీ వండిన బిర్యానీలో ఒక పువ్వుకూ, మూడు కిలోల బిడ్డకు మరిగించి పట్టిన నాలుగు పువ్వుల నీళ్ళకూ పోలిక లేదు.

వస గురించి కూడా చెప్పనా? కోప్పడకూడదు. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంది. ఎలుకల్లో కణుతులు తెచ్చిందని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడటం ఆపేశారు. మా వార్డులో నేను చూసే కష్టం మాత్రం కణుతులు కాదు. అరగదీసిన ముద్ద పొరమారి ఊపిరితిత్తుల్లోకి పోవడం, కడగని సాన నుంచి విరేచనాలు. ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు తేనె అసలు వద్దు, అందులో ఉండే బొట్యులిజం బీజాలు పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబరుస్తాయి.

గోదావరి_బామ్మ
శనివారం, మధ్యాహ్నం 12:55

కోపం రాలేదు. వచ్చింది, తగ్గింది. మా తొమ్మిదో మనవడికి పొరమారి ముఖం నీలంగా మారడం నేను మొదట రాయలేదు. వీపు తట్టితే తేరుకున్నాడు. అది లెక్కలో వేయకుండానే "ఒక్కరికీ ఏమీ కాలేదు" అని రాశాను.

తాంపినీస్_అమ్మ
శనివారం, మధ్యాహ్నం 2:30

ఇంటికి వచ్చాం. బిలిరుబిన్ 231. పచ్చదనం తగ్గించే లైటు కింద పెట్టనక్కర్లేదన్నారు. రెండు రోజుల తరువాత మళ్ళీ రమ్మన్నారు. బరువు పుట్టినప్పటి బరువును దాటింది.

చుక్కాని
శనివారం, మధ్యాహ్నం 2:34

231 ఆ?! మా వాడికి 16 వచ్చినందుకే రెండు రోజులు లైటు కింద పెట్టారు. వెంటనే ఇంకో ఆసుపత్రికి వెళ్ళండి!

పిల్లల_డాక్టరు
శనివారం, మధ్యాహ్నం 2:37

ఆగండి ఆగండి. సింగపూర్‌లో మైక్రోమోల్ లెక్క, మన దగ్గర మిల్లీగ్రాముల లెక్క. 231ని సుమారు 17తో భాగించండి, పదమూడున్నర. పది రోజుల బిడ్డకు, నెలలు నిండి పుట్టినవాడికి, చూసిన డాక్టరు చెప్పింది సరైనదే. మీ వాడికి 16 ఎన్నో రోజున వచ్చింది?

చుక్కాని
శనివారం, మధ్యాహ్నం 2:41

రెండో రోజున.

పిల్లల_డాక్టరు
శనివారం, మధ్యాహ్నం 2:43

అదే. రెండో రోజు 16 వేరు, పదో రోజు 16 వేరు. లైటు కావాలా వద్దా అని చెప్పే గీత, బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందన్నదాన్ని బట్టి కదులుతుంది.

తాంపినీస్_అమ్మ
శనివారం, మధ్యాహ్నం 2:58

చుక్కాని గారూ, ఆ మూడు నిమిషాలు నా ప్రాణం పోయింది. సరే, వదిలేయండి.

పొడి సీసా డాక్టరుకు చూపించాను. వాసన చూసి, రంగు చూసి, నాకు తెలియదు, దీనిని చూసి ఎవరూ చెప్పలేరు అన్నారు. ఒక్కసారికి రక్త పరీక్ష అవసరం లేదు, పుస్తకంలో రాసి పెడతాను అని రాశారు. అత్తగారిని ఒక్క మాట అనలేదు. ఇంకెవరైనా ఏమైనా ఇస్తే ముందు నాకు చూపించండి అని మాత్రం ఆవిడకే చెప్పారు, నేను తెలుగు చేశాను.

పేరాక్_రాము
శనివారం, సాయంత్రం 4:15

హమ్మయ్య. ఆంటీకి ఏమి చెబుతారు?

తాంపినీస్_అమ్మ
ఆదివారం, రాత్రి 9:05

చెప్పేశాం, చెప్పింది కూడా అత్తగారే. మధ్యాహ్నం ఆంటీ కూతురు వచ్చింది, ఆమె మాటలు అటూ ఇటూ మార్చింది. మేము భయపడ్డట్టు ఆంటీకి కోపం రాలేదు. హువాంగ్‌లియన్ నిషేధం సంగతి ఆవిడకు బాగా తెలుసు. ఆ రోజుల్లో ఇక్కడ దొరక్క అటు వైపు నుంచి తెప్పించుకునేవారట. తన మొదటి ఇద్దరు పిల్లలకూ పట్టానని, మూడో బిడ్డకు పట్టలేదని చెప్పారు. ఎందుకని అడిగితే, ఆ బిడ్డ పుట్టినప్పుడు నర్సు చీటీ ఇచ్చిందట. చీటీలో ఏముందో కూతురికి ఈ రోజే మొదటిసారి తెలిసింది. ఆ మూడో బిడ్డ ఈ కూతురే. ఆమెకు జీ6పీడీ తక్కువ.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆంటీ వేరు ముక్కలు తీసుకువెళ్ళి, నా కోసం ఎర్ర ఖర్జూరాలు, అల్లం పెట్టిన గిన్నె తెచ్చారు. సారాయి వేయలేదని మూడుసార్లు చెప్పారు. సీసా కూతురు తీసుకుంది. అత్తగారు తెనాలి నుంచి తెచ్చిన వస కొమ్ము తీసి తన సూట్‌కేసు అడుగున పెట్టుకున్నారు. నేను అడగలేదు.

మందుల_మనిషి
ఆదివారం, రాత్రి 9:30

ఆ కూతురి పిల్లలకు కూడా ఫలితం చూసుకోమని చెప్పండి. ఇక్కడ పుట్టి ఉంటే పుస్తకంలోనే ఉంటుంది.

తాంపినీస్_అమ్మ
మంగళవారం, ఉదయం 11:12

రెండో పరీక్ష 178. మీ లెక్కలో పది కన్నా కాస్త ఎక్కువ, చుక్కాని గారి కోసం నేనే భాగించి రాస్తున్నాను.

చుక్కాని
మంగళవారం, ఉదయం 11:20

తగిన శాస్తి. బాబుకు ఆశీస్సులు.

గోదావరి_బామ్మ
మంగళవారం, ఉదయం 11:45

శుభం. డాక్టరు బాబూ, ఆముదం గురించి వేరే చర్చ మొదలుపెట్టు. నెలకోసారి పిల్లలకు పట్టే ఆముదం మీద నాకు నీతో పేచీ ఉంది.